జ్వరం వార్డు నెత్తురు

కోడలికి మూడోసారి నెల తప్పింది. తొమ్మిదో వారం నడుస్తోంది. మొదటి కడుపు మూడో నెలలో పోయింది, రెండోది ఐదో నెలలో. రెండుసార్లూ ఆమె నెత్తురు పరీక్ష చేసి "దోషం లేదు" అని రాసింది బయటివాళ్ళెవరో కాదు, సొంత మామగారే. ఆసుపత్రి ల్యాబులో ముప్పై రెండేళ్ళుగా నెత్తురు తీస్తున్న ఆ మనిషిని ఊళ్ళో అందరూ సూదాయన అంటారు. ఆయన గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదని పేరు. పోయిన వారం డాక్టరమ్మ ఆయన్ని పిలిచి, ఆరేళ్ళ కిందటి ఆకుపచ్చ అట్ట రిజిస్టరు వెతికి పెట్టమంది. ఆయన సరేనన్నాడు. ఇంటికెళ్ళి అన్నం సగం వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో ఆయన భార్యకి తెలియలేదు. మనకీ ఇప్పటిదాకా తెలియదు.

రిజిస్టరు వెతకాల్సిన పనే లేదు. బీరువా పై అరలో, గాజు పలకల డబ్బాల కింద ఉందది. అయినా మూడు రోజులు వెతికినట్టు నటించాడు. నాలుగో రోజు పొద్దున డాక్టరమ్మే ల్యాబుకి వచ్చేసింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, మాట వేగం, నడక వేగం. పెన్ను జడలో గుచ్చుకుని అదే పెన్ను కోసం బల్లంతా తడుముకునే రకం.

"దొరికిందా బాబాయ్?"

"దొరికిందమ్మా."

రిజిస్టరు దించి చొక్కా చేతితో ఒకసారి తుడిచి ఇచ్చాడు. దాని మీద దుమ్ము లేదు. ఆరేళ్ళుగా ఎవరూ ముట్టుకోని పుస్తకం మీద దుమ్మెందుకు లేదో ఆమెకి తట్టలేదు.

ఎత్తు స్టూలు లాక్కుని కూర్చుని పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. "మీకో మంచి మాట చెప్పాలి. ఈ గీతల్ని ఇంకో నాలుగు ఆసుపత్రులు వాడుకుంటామంటున్నాయి."

"ఏ గీతలమ్మా?"

"ఏ గీతలంటారేంటి! మీరు గీసినవే."

గీతంటే ఇది. కొందరు ఆడవాళ్ళ నెత్తురులో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలని ఉంటాయి. ఒంటికి కాపలా కాయాల్సినవే, దారి తప్పి ఒంటి మీదికే తిరగబడతాయి. కడుపుతో ఉన్నప్పుడు మాయలో నెత్తురు గడ్డలు కట్టిస్తాయి. బిడ్డకి వెళ్ళే దారి మూసుకుపోతుంది. కొద్దో గొప్పో అందరిలోనూ ఉంటాయవి. ఏ అంకె దాటితే దోషం అనుకోవాలన్నదే గీత. పరీక్ష డబ్బాలో వచ్చే కాగితం మీద ఇరవై అని ఉంటుంది. అది ఎక్కడో చలిదేశం వాళ్ళ నెత్తురు చూసి గీసింది. మన మనుషులకి అది సరిపోతుందో లేదో ఎవరు చూశారు? అందుకని అప్పటి పెద్ద డాక్టరు, ఇప్పుడు రిటైరయ్యాడాయన, ఊళ్ళో ఉన్న రెండు రకాల జనానికీ వేరువేరుగా గీత గీయమన్నాడు. మిట్ట మీద తరాలుగా పొలాలు చేసుకునే మిట్టవాళ్ళకొకటి. నాలుగు తరాల కిందట పడవల్లో వచ్చి రేవులో ఉండిపోయిన రేవువాళ్ళకొకటి. పిల్లల్ని కని, ఏ జబ్బూ లేక, ఏ కడుపూ పోకుండా ఉన్న ఆడవాళ్ళు ఇటు నూట ఇరవై మంది, అటు నూట ఇరవై మంది కావాలి. వాళ్ళ నెత్తురు తెచ్చి చూసే పని సూదాయనకి అప్పగించాడు.

"మిట్టవాళ్ళకి ఇరవై రెండు. రేవువాళ్ళకి ముప్పై ఎనిమిది," అంది డాక్టరమ్మ, అంకెల మీద వేలు పెట్టి. "ఎంత తేడానో చూడండి! ఎందుకంటారు బాబాయ్?"

"నాకేం తెలుసమ్మా."

"నాకేమనిపిస్తోందంటే, రేవువాళ్ళ నెత్తురులోనే ఏదో ఉంది. పుట్టుకతో వచ్చేది. వాళ్ళ ఒళ్ళు దానికి అలవాటు పడిపోయింది. అందుకే ముప్పై దాటినా వాళ్ళకి దోషం కాదు. వ్యాసం రాస్తున్నా. మీ పేరు కూడా వేస్తాను."

సూదాయన గాజు గొట్టాలు కడుగుతున్నవాడు కడుగుతూనే ఉన్నాడు. కోడలు రేవు పిల్ల. ఇంట్లో ఆయన భార్య కూడా ఇదే మాట అంటుంది. "పడవ నెత్తురు. ఒకచోట నిలవడం దానికి చేతకాదు," అంటుంది, కోడలికి వినపడేంత గొంతుతో. ఆవిడ చదువు లేక అంటోంది. ఈవిడ చదువుకుని అంటోంది. రెండు మాటలకీ మూలం ఆ ఆకుపచ్చ అట్ట మధ్యనే ఉంది.

"పేరొద్దమ్మా."

"ఎందుకొద్దు?"

"వద్దు."

ఆమె నవ్వింది. "మీకు సిగ్గెక్కువ బాబాయ్."

ఆ పొద్దు ఆయన గురించి ఆమె అన్న మాటల్లో సరిగ్గా తగిలింది అదొక్కటే.

ఆమె పేజీలు తిప్పుతోంది. ప్రతి పేజీలో చివరి గడి "ఆరోగ్యంగా ఉన్నారా?" అన్నది. గడి గడికీ ఒక టిక్కు. మొదటి పేజీల్లో టిక్కులు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి. ఒకటి నీలం, ఒకటి నలుపు, ఒకటి తడికి చెదిరింది. తర్వాత పేజీల్లో అన్నీ ఒకే పెన్నువి, ఒకే వాలువి, పొలంలో నాటుకుంటూ పోయినట్టు. ఆమె అంకెలు చూసింది గానీ టిక్కులు చూడలేదు. రిజిస్టరు అక్కడే పెట్టి, "మీ కోడలి నెత్తురు ఈ పూటే తీసేయండి. తక్కువుంటే ఆ బెంగ వదిలేద్దాం," అని వెళ్ళిపోయింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాణ్ణి ఊరు పట్టుకుంటుంది. తడుముకోకుండా గొట్టాలు కడుక్కునేవాణ్ణి ఎవరు పట్టుకుంటారు?

అప్పుడు జరిగిందేంటంటే, మిట్టవాళ్ళ సంగతి నెలలో తేలిపోయింది. వాళ్ళు ఎలాగూ ఆసుపత్రికి వస్తూ పోతూ ఉంటారు. రేవువాళ్ళ దగ్గరే చిక్కొచ్చింది. పెట్టె పట్టుకుని ఆయన ఆరుసార్లు రేవుకెళ్ళాడు. వలలు ఆరేసిన చోట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. రెండో రోజు తొమ్మిది మంది. తర్వాత మాట పాకింది. జబ్బు లేనివాళ్ళ నెత్తురు ఆసుపత్రికెందుకు అని. అది న్యాయమైన ప్రశ్నే. ఓపిగ్గా చెప్పాల్సింది. ఆయనకి మాటలు రావు. "డాక్టరుగారు తెమ్మన్నారు" అన్నాడంతే. ఒకావిడ నడుం మీద చేయి పెట్టుకుని, "మీ డాక్టరుగారికి దాహమేస్తే నీళ్ళు తాగమను," అంది. రేవంతా నవ్వింది. ఆయన పెట్టె సర్దుకుని వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. చేతిలో ఉన్నవి నలభై ఒక్కటి. కావాల్సినవి ఇంకా డెబ్బై తొమ్మిది.

ఆ ఏడు రేవులో జ్వరాలు. జ్వరం వార్డు నిండా రేవు ఆడవాళ్ళే. వాళ్ళకి రోజూ ఏదో పరీక్ష చేస్తారు. గొట్టంలో సగం మిగిలిపోతుంది, పారబోస్తారు. ఆయన పారబోయలేదు. రేవు మనుషులే కదా, ఆడవాళ్ళే కదా, పిల్లల తల్లులే కదా అనుకున్నాడు. డెబ్బై తొమ్మిది గొట్టాలు నింపుకున్నాడు. "ఆరోగ్యంగా ఉన్నారా?" అన్న గడిలో డెబ్బై తొమ్మిది టిక్కులు ఒక్క బిగిన పెట్టేశాడు. పెద్ద డాక్టరు భుజం తట్టాడు.

అప్పటికి తెలియక చేశాడు. అక్కడితో అయిపోతే ఇంత కథ లేదు.

రెండేళ్ళ కిందట ఈ డాక్టరమ్మ వచ్చిన కొత్తలో సిబ్బందిని కూర్చోబెట్టి పాఠం చెప్పింది. "జ్వరాల్లో ఈ అంకెలు కొన్ని వారాల పాటు పైకి పోతాయి, తర్వాత దిగుతాయి. జ్వరం మనిషి నెత్తురు పెట్టి ఎప్పుడూ గీత గీయకూడదు. గీత పైకెళ్ళిపోతుంది. నిజంగా దోషం ఉన్నవాళ్ళు గీత కింద దాక్కుండిపోతారు," అంది. ఆయన వెనక బల్ల మీద కూర్చుని విన్నాడు. లేచి చెబుదామనుకున్నాడు. ముందు వరసలో ఎవరో ఏదో ప్రశ్న వేశారు. ఆ తర్వాత టీ ఇచ్చారు. టీ తాగాడు.

ఆ పాఠం తర్వాత ఎనిమిది నెలలకి కోడలి రెండో కడుపు పోయింది. అంకె ముప్పై నాలుగు వచ్చింది. గీత ముప్పై ఎనిమిది. "దోషం లేదు" అని రాసి కింద సంతకం పెట్టాడు.

పది గంటలకి కోడలు వచ్చింది. ఆసుపత్రి కుట్టుగదిలోనే ఆమె పని. దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల చొక్కాలు కుడుతుంది. మెడలో కొలత టేపు తీయకుండానే వచ్చి కుర్చీలో కూర్చుని చేయి చాపింది.

"తీసుకోండి మామయ్యా. ఇన్నిసార్లు తీశారు, మీ ఇంట్లో నేను తిన్నదంతా వెనక్కి లాగేసుకున్నట్టే."

ఆయన పట్టీ కట్టాడు. "పిడికిలి బిగించమ్మాయ్."

"బిగించా. ఇంతకీ ఎందుకీ పరీక్ష? ఉందని ఎప్పుడైనా వచ్చిందా?"

"డాక్టరమ్మ చెయ్యమంది."

"ఆవిడకేం, చెయ్యమంటుంది. నరం కోసం అంతసేపు వెతుకుతున్నారేంటి మామయ్యా? సూదాయనకే నరం దొరక్కపోతే మాలాంటివాళ్ళ గతేంటి?"

"వయసు."

సూది దిగింది. గొట్టంలోకి నెత్తురు వస్తోంది. కోడలు అటు చూడకుండా కిటికీ వైపు మొహం తిప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మామయ్యా, ఒక మాట చెబుతా. అత్తకి చెప్పకండి. ఒట్టు వేస్తారా?"

"చెప్పు."

"ముందు ఒట్టు."

"చెప్పనులే."

"పోయినసారి అత్త నన్ను కాలు కింద పెట్టొద్దంది కదా. ఐదు నెలలు మంచం మీదే ఉన్నానని అనుకుంటుంది. ఉండలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ లేనప్పుడు లేచాను. తెల్లగుడ్డ ముక్కొకటి మిగిలింది. దాంతో పిల్ల చొక్కా కుట్టాను. కాలుమిషన్ మీద. అరగంట తొక్కి ఉంటాను, అంతే." ఆమె గొంతు తడబడలేదు. లెక్క అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. "మూడో రోజుకి బిడ్డ కదలడం మానేసింది. ఆ చొక్కా చింపి తుడుపుగుడ్డల్లో కలిపేశాను. నేనే చంపుకున్నాను మామయ్యా. పడవ నెత్తురని అత్త అంటుంటే నాకు కోపం రాదు. ఎందుకంటే అది నా నెత్తురు తప్పు కాదు, నా కాళ్ళ తప్పు. ఆవిడకి అసలు సంగతి తెలిస్తే ఇంకెంత అంటుందో అని నోరు మూసుకుంటా. మీకెందుకు చెప్పానో తెలుసా? ఆ ఇంట్లో నన్ను ఒక్క మాటా అననిది మీరే."

గొట్టం నిండింది. ఆయన సూది తీసి దూది అద్దాడు. ఏదో ఒకటి అనాలి.

"నొక్కి పట్టుకో," అన్నాడు.

"పట్టుకున్నా. ఒట్టేశారు, గుర్తుంచుకోండి," అని లేచి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, "ఈసారి మిషన్ జోలికి పోవట్లేదు. కత్తిరింపు పనే చేస్తున్నా," అంది. పెద్దవాళ్ళకి పిల్లలు మంచి మార్కులు చూపించినట్టు అంది.

తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. అరవకపోతే విషం దిగకుండా ఉంటుందా?

పరీక్షకి రెండున్నర గంటలు పడుతుంది. పళ్ళెంలో వరసగా చిన్న చిన్న గుంటలు. నెత్తురు తేట పోయాలి, కడగాలి, మందు పోయాలి, మళ్ళీ కడగాలి. చివర్న పసుపు రంగు తేలుతుంది. రంగెంత చిక్కనైతే అంకె అంత పెద్దది. మిషను అంకె చెప్పేలోపే రంగు చూసి చెప్పగలడు ఆయన. చూశాడు. మిషను ముప్పై మూడు అంది.

రిపోర్టు కాగితం తీశాడు. "దోషం" అని రాశాడు. పెన్ను అక్కడ ఆగింది. రెండో కడుపు పోయినప్పుడు రాసిన కాగితం మీద ఇక్కడ ఆగలేదు. అప్పుడు ఆగి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. దాన్ని తుదికంటా పోనివ్వకుండా కాగితం, రిజిస్టరు చంకలో పెట్టుకుని డాక్టరమ్మ గదికి నడిచాడు. బయట బెంచీల మీద ఆడవాళ్ళు. అందులో రేవువాళ్ళెవరో మిట్టవాళ్ళెవరో కట్టూబొట్టూ చూసి చెప్పేయొచ్చు. ఆయన ఎవరి మొహమూ చూడలేదు.

"ఎంతొచ్చింది?" అంది డాక్టరమ్మ.

"ముప్పై మూడు."

"గీత కిందే. హమ్మయ్య. అయితే సూదులక్కర్లేదు. ఊరికే నెత్తురు పలచన చేయడం మంచిది కాదు."

"గీత తప్పమ్మా."

"ఏంటి?"

"రేవువాళ్ళలో నలభై ఒక్కరే జబ్బు లేనివాళ్ళు. డెబ్బై తొమ్మిది జ్వరం వార్డువి."

ఆమెకి మొదట అర్థం కాలేదు. తర్వాత అయింది. రిజిస్టరు లాక్కుంది. ఈసారి అంకెలు చూడలేదు, టిక్కులు చూసింది. ఒక పేజీ, ఇంకో పేజీ.

"జ్వరంలో పెరుగుతాయని నేను చెప్పాను. మీరు వెనక బల్ల మీద కూర్చున్నారు."

"కూర్చున్నానమ్మా."

"వినలేదా?"

"విన్నాను."

"విని?"

ఆయన నేల వైపు చూశాడు. గచ్చు మీద ఎప్పటిదో అయోడిన్ మరక. దాన్ని ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

"అరవండమ్మా," అన్నాడు.

"అరిస్తే ఏమొస్తుంది?" ఆమె జడలోంచి పెన్ను తీసి, దాన్నలా పట్టుకుని ఉండిపోయింది. "రెండేళ్ళుగా నేనూ ఇదే గీత మీద సంతకాలు పెడుతున్నాను. ఒక్కసారి ఈ గడి చూసి ఉంటే... రేవువాళ్ళ పుట్టుకలో ఉందని వ్యాసం కూడా రాశాను. ఛీ." ఆ ఛీ ఆయన్నో తననో తెలియలేదు. "ఆ నలభై ఒక్కరిలో అన్నిటికన్నా పెద్ద అంకె ఎంత?"

"పంతొమ్మిది."

"మీ కోడలివి?"

"ముప్పై ఒకటి, ముప్పై నాలుగు, ఇప్పుడు ముప్పై మూడు."

"రేవువాళ్ళలో ఇరవై రెండుకీ ముప్పై ఎనిమిదికీ మధ్య పడ్డవాళ్ళు ఎందరు? ఈ ఆరేళ్ళలో? నా ముందే చూడండి."

బల్ల మీది రిపోర్టుల పుస్తకం లాక్కుని ఆయన నిలబడే చూశాడు. వేలు పేర్ల మీదుగా దిగుతుంటే ఒక్కో పేరు దగ్గర మొహం గుర్తొస్తోంది. ఒకావిడకి మూడుసార్లు రాసి ఉంది. మూడుసార్లూ లేదు, లేదు, లేదు.

"పదహారు మందమ్మా. కోడలితో కలిపి."

ఆమె చీటీ రాసింది. రోజూ పొట్ట మీద ఒక సూది, చిన్న మాత్ర ఒకటి. కాన్పు దగ్గరపడేదాకా. "నిన్న స్కాన్‌లో గుండె బాగానే కొట్టుకుంటోంది. ఈ పూటే మొదలుపెట్టాలి."

"నిలుస్తుందామ్మా?"

"మందుతో పదిమందిలో ఏడెనిమిది మందికి నిలుస్తుంది. అంతకంటే చెప్పను. మీకు మాటిచ్చే ఓపిక ఇవాళ నాకు లేదు." చీటీ ఆయన వైపు నెట్టింది. "మిగతా పదిహేను మందినీ నేను పిలిపిస్తాను. పైవాళ్ళకి రాయాల్సింది రాస్తాను. మీ ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియదు. మీ కోడలికి మాత్రం నేను చెప్పను. ఇన్నాళ్ళూ అక్కర్లేని సూది ఇవాళ ఎందుకని అడుగుతుంది కదా. మీరే చెప్పండి."

కుట్టుగదిలో మధ్యాహ్నం మిషన్లు ఆగి ఉన్నాయి. మిగతావాళ్ళు తిండికి వెళ్ళారు. కోడలు ఒక్కతే పెద్ద బల్ల మీద తెల్లగుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తోంది. ఆయన్ని చూసి నవ్వబోయి, చేతిలో కాగితం చూసి ఆగిపోయింది.

"ఏంటి మామయ్యా?"

"నువ్వు మిషన్ తొక్కినందుకు పోలేదు."

"మీకెలా తెలుసు?"

అంత పొడుగు మాట ఆయన జన్మలో ఎప్పుడూ మాట్లాడలేదు. పెట్టె పట్టుకుని రేవుకెళ్ళిన దగ్గర మొదలుపెట్టాడు. నీళ్ళు తాగమన్న ఆవిడ గురించి చెప్పాడు. అది సాకులా వినిపిస్తోందని తనకే తెలిసి మధ్యలో తెంపేశాడు. జ్వరం వార్డు చెప్పాడు, టిక్కులు చెప్పాడు. గీత ఎంత పైకి పోయిందో, దాని కింద ఆమె అంకెలు ఎలా దాక్కున్నాయో చెప్పాడు. సూది వేస్తే ముందే నిలిచేదేమో అన్న మాట సగంలో వదిలేశాడు. "ఏమో" అని మాత్రం అన్నాడు.

ఆమె ఏడవలేదు. కత్తెర తీసుకుంది, మళ్ళీ బల్ల మీద పెట్టింది. బట్ట కొలిచినంత జాగ్రత్తగా అడిగింది.

"మొదటిసారి రాసేటప్పుడు మీకు తెలియదు."

"తెలియదు."

"రెండోసారి రాసేటప్పుడు?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. పాఠం ఎప్పుడు చెప్పారో ఆమెకి తెలియదు. తెలియదని ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆ పదహారు మందికీ అలాంటి మాటే రాశాడు.

"తెలుసు," అన్నాడు.

ఆమె గుడ్డ మీది సుద్దగీత అరచేత్తో చెరిపేసింది.

"ఏడాదిగా అత్త నన్ను పడవ నెత్తురంటుంటే మీరు అన్నం కలుపుకుంటూ కూర్చునేవారు."

"కూర్చున్నాను."

"ఒక్కరోజు తలెత్తి, ఊరుకోవే అనలేదు."

"అనలేదు."

"పొద్దున నేను మిషన్ సంగతి చెబుతుంటే నొక్కి పట్టుకో అన్నారు."

ఆయన చీటీ బల్ల మీద పెట్టాడు.

"నోట్లో నాలుక లేని మనిషి, దేవుడులాంటి మనిషి అని మా అమ్మకి చెప్పుకునేదాన్ని," అంది ఆమె. "నాకు అంతా తెలిసింది ఇవాళే. మీకు ఇంతకాలం తెలిసి, రోజూ నా చేతి వంట ఎలా తిన్నారు?"

చీటీ అందుకుంది. రెండుసార్లు చదువుకుంది. మందుల గదికి వెళ్ళి సూది వేయించుకుని వచ్చింది. ఆయన కూడా వెళ్ళాడు. నర్సు "మీ మామయ్యగారుండగా నేనెందుకమ్మా, ఆయనైతే నొప్పే తెలియదు," అంటే, "మీరే వేయండి. నొప్పి తెలిసినా పర్లేదు," అంది.

తర్వాత కొలత టేపు మెడలోంచి తీసి చుట్టి సంచిలో వేసుకుంది. "పదండి. ఇంటికి."

"ఇప్పుడా? డ్యూటీ..."

"అత్తకి చెప్పాలి. నేను చెప్పను, నేను చెబితే నమ్మదు. పడవ నెత్తురు మాట కదా. మీరు చెప్పండి. ఈ పూటే. సాయంత్రానికి మీకు మళ్ళీ నోరు పడిపోతుంది, నాకు తెలుసు."

వీధిలో ఆమె ముందు, ఆయన వెనక. ఎప్పుడూ ఆయన ముందు నడిచేవాడు. మందుల కొట్టాయన "ఏం సూదాయనా, ఇవాళ ఎండ ఉండగానే బయల్దేరావు?" అన్నాడు. ఆయన చేయెత్తి ఊరుకున్నాడు. ఎదురొచ్చిన ఒక రేవు ఆడమనిషి పక్కకి తొలిగి దారిచ్చింది. గౌరవంతో ఇచ్చింది. ఆయనకి చెంప మీద కొట్టినట్టయింది. ఇంటికి ఆ దూరం రోజూ నడిచేదే, ఇవాళ రెండింతలు ఉంది, అయినా తొందరగా అయిపోయింది.

గుమ్మం ముందు పరాయి చెప్పులు. ఉప్పునీళ్ళకి అంచులు తెల్లబడ్డాయి. కోడలు వాటిని చూసి నిలబడిపోయింది.

"అమ్మ వచ్చింది," అంది గుసగుసగా.

వీధి తలుపు ఓరగా ఉంది. లోపల్నుంచి వియ్యపురాలి గొంతు వినిపిస్తోంది. రేవులో పదిమందికి వినపడేలా పిలిచే గొంతు, ఇవాళ అడుగంటిపోయింది.

"మీ ఇంట్లో ఇంకొకరైతే ఎప్పుడో పంపేసేవాళ్ళు వదినా. మీరు మర్యాదస్తులు కాబట్టి భరించారు. మా పిల్ల తప్పు కాదు, మా నెత్తురే అంత. నన్నడిగితే నేనే ఒప్పుకుంటా. ఈ మూడోది కూడా నిలవకపోతే ఒక్క మాట మాట్లాడకుండా తీసుకుపోతాను. అబ్బాయికి మీ వాళ్ళలో చూసి చేసుకోండి. అన్నయ్యగారికి మీరే నచ్చజెప్పాలి. ఆయన మెత్తని మనిషి, ఒప్పుకోడు."

"చూద్దాంలే వదినా," అంటోంది ఆయన భార్య. గట్టిగా కాదనలేదు.

సూదాయన కోడలి వైపు చూశాడు. ఆమె తల పక్కకి తిప్పుకుని తలుపు నెట్టింది.

ఆయన్ని చూడగానే వియ్యపురాలు కుర్చీలోంచి లేచింది. కొంగు చేతికి చుట్టుకుని, ఆఫీసరు ముందు నిలబడినట్టు గోడ పక్కకి జరిగింది. "రండి అన్నయ్యగారూ. మీరు కూర్చోండి."

"నువ్వు కూర్చోమ్మా," అన్నాడు. "నేను నిలబడి చెప్పాల్సిన మాటొకటుంది."

భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది, చేతిలో టీ గ్లాసుతో. ఆయన మొహం ఇంకా చూడలేదు. "నిలబడి చెప్పేంత మాట మీ జన్మలో ఎప్పుడైనా చెప్పారా?" అంటూ నవ్వింది.

వెనక కోడలు వీధి తలుపు మూసి గడియ పెట్టింది.